ఇంట్లో పట్టింపు ఉందా?

జనవరి 8, మంగళవారం

ఇవాళ ఏడుగురు టూరిస్టులు. అందరికీ మంచి చలికోట్లు ఉన్నాయి, అయినా దారంతా చలి చలి అని ఒకటే గోల. ముందు కొండ పైన మా ఊరు, దిగి వస్తూ బుద్ధుడి గుడి. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. చెప్పాల్సినవన్నీ నా నోరు దానంతటదే చెప్పుకుపోతుంది. నేను పక్కన నిలబడి వింటున్నట్టు ఉంటుంది.

అమ్మ ఇంటి గుమ్మం దగ్గర రోజూలాగే ఆగి, "ఇంట్లో పట్టింపు ఏమైనా ఉందా?" అని కేకేశాను. లోపల్నుంచి షువా వదిన, "ఏం లేదు, తీసుకురా" అంది. పురుడో జబ్బు పూజో జరుగుతున్న ఇంట్లోకి పరాయివాళ్ళు అడుగు పెట్టకూడదని, అందుకే మా హ్మాంగ్ కొండజాతి ఊళ్ళల్లో ఎవరింటికెళ్ళినా బయటినుంచే ఇలా అడగాలని వాళ్ళకి చెప్పాను. పొయ్యి చూపించాను, మొక్కజొన్న తిరగలి చూపించాను, నడి స్తంభం చూపించాను. తలుపుకి ఎదురు గోడ మీద అంటించిన బంగారు కాయితాన్నీ కోడి ఈకల్నీ చూపించి, "ఇది ఇంటి దేవుడు, ఈ ఇంటివాళ్ళని కాపాడతాడు" అన్నాను. పసుపు టోపీ పెట్టుకున్నావిడ, "మీరు పుట్టిన ఇల్లే కదా, మిమ్మల్ని కూడా కాపాడుతున్నాడన్నమాట" అంది. అవునన్నాను. రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, రోజూ అవునంటాను.

మధ్యాహ్నం ఆస్పత్రి. ఎడమ రొమ్ములో గడ్డ మంచిది కాదట. ఫిబ్రవరి నాలుగు, సోమవారం ఆపరేషన్. డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది, పాపం నెమ్మదిగా చెప్పింది. "తోడు ఎవరొస్తారు?" అంది. వస్తారన్నాను. ఎవరో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

జనవరి 9

ఎనిమిది మంది. మోకాళ్ళు నొప్పి.

జనవరి 11, శుక్రవారం

వ్యాను తోలే ఇన్‌ఖామ్ మామకి తెలిసిపోయింది. ఆస్పత్రి మందుల సంచీ సీటు మీద మరిచిపోయాను, అదే చెప్పేసింది. గుంపు మెట్లెక్కి గుడికి వెళ్ళాక ఇద్దరం కింద కూర్చున్నాం.

"మీవాళ్ళకి చెప్పావా?" అన్నాడు.

"అమ్మకి చెప్పాను. అన్నకి అమ్మే చెప్పి ఉంటుంది."

"పుట్టింట్లో నాలుగు రోజులు పడుకో పోయి. ఈ ఎక్కి దిగడాలు మానెయ్."

"పడుకోవచ్చు మామా. చావకూడదు, అంతే."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. పెళ్ళయి వెళ్ళిన హ్మాంగ్ ఆడది ఆ క్షణం నుంచీ మొగుడి ఇంటి దేవుళ్ళ మనిషి. వాళ్ళ గుమ్మం ముందు పుంజుని తల చుట్టూ తిప్పారంటే పుట్టింటి పెద్దలు వదిలేసుకున్నట్టే. నా మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకుని నన్ను పంపేశాడు. అప్పుడు వాళ్ళ దేవుళ్ళూ వదిలేశారు. ఇప్పుడు నేను పోతే నా శవాన్ని ఎవరి నడి స్తంభం దగ్గరా పెట్టరు. రోడ్డు పక్కన టార్పాలిన్ కిందే డప్పు, అక్కడే ఏడుపులు. కొత్త సంవత్సరానికి నా పేరు పిలిచి ఇంత అన్నం పెట్టేవాడు ఉండడు.

ఇదంతా మామకి చెప్పాను. ఆయన బీడీ ఆర్పేశాడు. "మా గుళ్ళోకి వచ్చెయ్ అమ్మా. మా స్వాములు ఎవరి మనిషివని అడగరు, చక్కగా కాల్చేస్తారు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మొగుడు వదిలేసిన ఆడపిల్లని మళ్ళీ ఇంటి దేవుళ్ళకి అప్పగించే పూజ ఒకటి ఇప్పుడు కొన్ని ఊళ్ళల్లో చేస్తున్నారు. అమ్మకి తెలుసు. లెంగ్ అన్నకి తెలుసు. నేనైతే అడగను. చచ్చాక ఎక్కడ పెడితే ఏముంది, నాకు అలాంటి పట్టింపులు లేవు.

జనవరి 13

అన్న ఫోన్ చేశాడు. ఎత్తలేదు. వంద కారణాలు చెబుతాడు. వాడి చిన్నది కియాకి మూర్ఛలు, కొత్త మనిషిని ఇంటి దేవుళ్ళ మీద రుద్దితే పిల్లకి ఏమవుతుందోనని భయం. ఆ భయం నాకు తెలుసు, మళ్ళీ వాడి నోట వినే ఓపిక లేదు.

జనవరి 15

మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు.

జనవరి 17, గురువారం

ఆరుగురు. అందులో ముసలి దంపతులు, చేతులు పట్టుకునే నడుస్తున్నారు, మెట్ల దగ్గర కూడా వదల్లేదు.

అమ్మ ఇంటికి వెళ్ళేసరికి గుమ్మానికి పచ్చాకులు కట్టి ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పంది మాంసం ఉడుకుతున్న వాసన. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అలవాటు కొద్దీ, "ఇంట్లో పట్టింపు ఉందా?" అని అడిగాను. లోపల్నుంచి ఎవరో ముసలాయన గొంతు, "ఉంది" అంది.

వెనక్కి తిరిగి గుంపుతో నవ్వుతూ, "ఇవాళ ఈ ఇంట్లో పూజ. ఆకులు కట్టిన గుమ్మం పరాయివాళ్ళు దాటకూడదు. ఇది చూడటం కూడా మీ అదృష్టమే" అన్నాను. ఫోటోలు తీసుకున్నారు. జలపాతం దగ్గరికి తీసుకెళ్ళాను, విల్లుతో బాణాలు వేయించాను, అరటిపండ్లు కొనిపెట్టాను. ముసలావిడ, "మీ ముఖం తెల్లగా పాలిపోయింది, కూర్చోండి" అంది. ఏం లేదన్నాను.

కియా కోసం చేయించుకుంటున్నట్టున్నారు. చేయించుకోనీ. పంది కోసేంత పూజ పెట్టుకుని, నాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పకపోతే పోయె. పరాయిదాన్నేగా, ఎందుకు చెబుతారు.

గుడి దగ్గర మెట్లెక్కలేదు. మీరే వెళ్ళి రండని పంపేశాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

జనవరి 18

పనికి పోలేదు. పడుకున్నాను.

జనవరి 20, ఆదివారం

షువా వదిన అంగడి దగ్గర గుంపుని వదిలాను, అద్దెకిచ్చే బట్టలు కట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. వదిన వాళ్ళకి తలపాగాలు చుడుతూనే నాతో మాట్లాడింది. నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఎందుకొచ్చావ్, మళ్ళీ గుమ్మం ముందు నిలబడి అడిగి పోదామనా?"

"నేనేం చేశాను?"

"ఏం చేశావా? మీ అన్న వారం రోజులు కాళ్ళావేళ్ళా పడి, మీ వంశంలో పెద్దాయన, మీ చిన్నాన్నని ఒప్పించాడు. అంత దూరంనుంచి ఆయన్ని బండిలో తెచ్చాడు. పంది కోశాడు. నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో ఫోన్‌లో చూసుకో. ఎత్తితే నీ సొమ్మేం పోయేది?"

నాకు అప్పటికీ అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు.

"ఆ పూజ నీకే, బ్లియా. ఎట్లాగూ గుంపుతో వస్తుంది కదా, లోపలికి రాగానే చెబుదామని కూర్చున్నాం. నువ్వేమో బయట నిలబడి పట్టింపు ఉందా అని అడిగావు. సొంత ఇంటి మనిషి ఎక్కడైనా అలా అడుగుతుందా? చిన్నాన్న ఉందన్నాడు. నువ్వు పోతావా వస్తావా అని అందరం తలుపు వైపు చూశాం. నువ్వు పోయావు."

"పిలవచ్చుగా."

"మీ అమ్మ లేవబోయింది. ఆకులు కట్టాక లోపలివాళ్ళు గడప దాటకూడదు, పిలవనూ కూడదని ఆయన కూర్చోబెట్టాడు. ఇంకా ఏమన్నాడో తెలుసా? నేనెందుకు కాదంటాను, తనే పరాయిదాన్నని చెప్పుకుని పోయింది కదా అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడట."

అప్పుడు నా వైపు చూసింది. "ఏం మనిషివి నువ్వు" అంది. ఈసారి తిట్టినట్టు అనలేదు.

బట్టల మూటల మీద కూర్చున్నాను. గుంపులో కుర్రది వచ్చి తలపాగా బాగుందా అని అడిగింది. చాలా బాగుందన్నాను. దారిలో ఫోన్ చూసుకున్నాను, అన్న ఇరవై మూడుసార్లు చేశాడు.

జనవరి 21

లెంగ్ అన్నని కాఫీ తోటలో కలిశాను. వాడు పళ్ళు కోస్తూనే ఉన్నాడు, ఆపలేదు. తప్పయిపోయిందన్నాను. "తప్పెవరిదో ఇప్పుడెందుకు" అన్నాడు. పెద్దలు లేకుండా మనమే చేసుకుందామని అడుగుదామని వెళ్ళాను. నేను అడక్కుండానే వాడే చెప్పేశాడు. చిన్నాన్న కాదని పోయాక కూడా చేస్తే, రేపు కియాకి ఏదైనా జరిగితే ఊరంతా తననే అంటారట. "నా చేతుల్లో లేదు బ్లియా" అన్నాడు. చేతుల నిండా కాఫీ పళ్ళు.

"నాకేం అక్కర్లేదులేరా. ఊరికే చూసి పోదామని వచ్చాను" అన్నాను. దిగి వస్తుంటే దారంతా అదే మాట అనుకుంటూ వచ్చాను. నాకేం అక్కర్లేదు. నాకేం అక్కర్లేదు.

జనవరి 22

తొమ్మిది మంది. వ్యానులో చోటు చాలక ఒకాయన మోకాళ్ళు నా వీపుకి ఆనుకునే ఉన్నాయి. అమ్మ ఇల్లు చూపించలేదు. పక్కవాళ్ళది చూపించాను.

జనవరి 24, గురువారం

ఇవాళ్టిది రాయాలి, రాయకపోతే నేనే నమ్మను.

ఐదుగురే గుంపు. ఊరు చూపించి తిరిగి వ్యాను దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఎక్కి కూర్చుని ఉంది. కిటికీ పక్క సీటు. ఒళ్ళో బట్టల మూట, కాళ్ళ దగ్గర వంటగిన్నె. కొత్త సంవత్సరానికి వేసుకునే మంచి బట్టలు వేసుకుంది. ఇన్‌ఖామ్ మామ నన్ను చూసి, నాకేం తెలియదన్నట్టు చేతులు ఎత్తేశాడు.

"ఎక్కడికమ్మా?"

"నీ గదికి."

"ఎన్నాళ్ళకి?"

"పోయేదాకా. నువ్వు ముందో నేను ముందో చూద్దాం."

లెంగ్ అన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు, వెనకే వదిన. అన్న వ్యాను తలుపు పట్టుకుని బతిమాలాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలమ్మ. నాన్న దేవుళ్ళున్న ఇల్లు వదిలి కింద పట్నంలో అద్దెగదిలో పోతే, నడి స్తంభం దగ్గర తల్లిని పడుకోబెట్టలేని కొడుకని వాడి మొహాన ఉమ్మేస్తారు. అమ్మకి అది తెలుసు. తెలిసే ఎక్కింది.

"దిగమ్మా. నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. చూడటానికేగా వచ్చారు. నా కూతురు చావకూడని ఇంట్లో నాకేం పని? నువ్వు పిల్లల్తో సుఖంగా ఉండు."

గుంపులో ఒక్కరికీ మాట అర్థం కాలేదు, అయినా అందరూ కిందికే చూస్తూ కూర్చున్నారు. మామ బండి స్టార్ట్ చేశాడు. ఎవరు చెయ్యమన్నారని తర్వాత అడిగితే, "మీ అమ్మ నా భుజం మీద ఒక్కటి వేసింది" అన్నాడు.

గుడి దగ్గర అమ్మ కూడా దిగింది. ఆ గుడికి పైనే యాభై ఏళ్ళు బతికింది కానీ ఏనాడూ లోపలికి పోలేదు, మనకేం పని అనేది. మూడువందల ఆరు మెట్లు. మెట్ల పక్కన తాడుతో పైకి లాగే పెట్టెబండిలో రమ్మంటే వద్దంది. పదేసి మెట్లకోసారి కూర్చుంది. గుంపు మా కోసం ఆగింది, ఎవరూ విసుక్కోలేదు. ఒకతను గిన్నె మోశాడు.

పైన బంగారు స్తూపం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. చేసి నా దగ్గరికి వచ్చి, "దీనికి గుమ్మం ఎటు?" అంది.

"గుమ్మం లేదమ్మా."

"మరి లోపలెవరున్నారు?"

"బుద్ధుడి ఎముక."

అమ్మ తలెత్తి పైదాకా చూసింది. "ఎముక ముక్కకి ఇంత ఇల్లు కట్టారు. నా పిల్లకి మట్టి నేల మీద ఆరడుగుల చోటు లేదట" అంది. పెద్దగా అనలేదు, అక్కడ అందరూ దణ్ణం పెట్టుకుంటున్నారు కదా. నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. గుంపుకి స్తూపం కథ చెప్పాల్సిన చోటది. ఇవాళ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

జనవరి 26, శనివారం

అమ్మకి గది నచ్చలేదు. కిటికీ చిన్నదట, గ్యాసు పొయ్యి మీద వండితే కూరకి పొగ వాసన రాదట, కింద నూడుల్స్ అమ్మేవాడి గొంతు బొంగురుదట. ఆవాకు వండింది. ఇద్దరం ఒకే మంచం. ఇన్నేళ్ళ తర్వాత అమ్మ కాళ్ళు నా కాళ్ళకి తగులుతుంటే నిద్ర పట్టలేదు. మంచిగానే పట్టలేదు.

"అన్నని అంత ఏడిపించకమ్మా. వాడికి పిల్ల భయం" అన్నాను.

"నాది మాత్రం పిల్ల భయం కాదా?" అంది.

జనవరి 28, సోమవారం

అన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నడవమంటే అమ్మ నడవనంది. ఇద్దరం అయితే వస్తాం, ఒక్కదాన్నయితే రానంది.

అన్నకి కోపం వచ్చింది. "కియాకి మొన్న రెండుసార్లు వచ్చింది మూర్ఛ. నేను ఎవరికి చెప్పుకోను? దానికేమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా పిల్లని?" అన్నాడు.

నేనే, "వద్దురా, మానెయ్. అమ్మని నేను పంపిస్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అప్పుడు వాడు నా వైపు తిరిగి, "నువ్వు నోరు ముయ్యి. ఫోనెత్తని దానివి" అన్నాడు. మెట్లు దిగిపోయాడు. కింద బండి చాలాసేపు స్టార్ట్ కాలేదు, ఎక్కి కూర్చుని ఉన్నాడనుకుంటాను.

జనవరి 30

మళ్ళీ వచ్చాడు. క్యాబేజీలు తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి వెళ్ళిపోయాడు.

జనవరి 31

పనికి సెలవు పెట్టేశాను. ఇంక పది రోజులు గుంపులు లేవు, మెట్లు లేవు. అమ్మ మాత్రం కింద నూడుల్స్ అతనికి చారులో ఏం వెయ్యాలో చెప్పి వచ్చింది. భాష రాదు, ఎలా చెప్పిందో.

ఫిబ్రవరి 2, శనివారం

పొద్దున్న ఏడింటికి అన్న వచ్చాడు. బండి వెనక బుట్టలో ఎర్ర పుంజు. "ఎక్కండి, ఇద్దరూ" అన్నాడు. ఏమైందని అడిగాను. "ఏమీ కాలేదు. షువాతో మాట్లాడాను. ఎక్కు" అన్నాడు. దారంతా పుంజు తప్ప ఎవరూ నోరెత్తలేదు.

ఇంటి ముందు నన్ను గుమ్మం బయట నిలబెట్టాడు. అమ్మని లోపలికి రమ్మంటే, అది వచ్చినప్పుడే వస్తానని నా పక్కనే నిలబడింది. మంచు దిగుతోంది, చిన్న దుప్పటి ఒకటే, ఇద్దరం కప్పుకున్నాం. పెద్దలెవరూ లేరు. అన్నే పుంజుని నా తల చుట్టూ తిప్పాడు. మా ఇంటి పేరుతో కలిపి నా పేరు పిలిచాడు. ఆ రెండు పేర్లూ కలిపి ఎవరైనా పిలిచి ఇరవై రెండేళ్ళయింది.

తర్వాత లోపలికి వెళ్ళి గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దున్నకొమ్ము చెక్కలు రెండూ నేల మీద వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే పెద్దలు ఒప్పుకున్నట్టు. రెండూ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేశాడు. రెండూ వెల్లకిలా. మళ్ళీ. మళ్ళీ. నాకు బయటికి ఆ చప్పుడు వినిపిస్తోంది, వాడి వీపు కనిపిస్తోంది.

ఐదోసారి తర్వాత వదిన, చంకలో కియాని పట్టుకుని, "వద్దంటున్నారేమో. ఆపవయ్యా, నాకు భయంగా ఉంది" అంది.

"నాన్న ఎప్పుడూ ఇంతే. మొదట కాదంటాడు" అన్నాడు అన్న. మళ్ళీ వేశాడు.

ఏడు. ఎనిమిది. "నాన్నా, ఇది ఫోనెత్తదు, మాట వినదు, నిజమే. నువ్వు పెంచిందే కదా" అన్నాడు. అమ్మ పక్కన నవ్విందో, దగ్గిందో. తొమ్మిది. "కోపం ఉంటే నా మీద చూపించు. పిల్ల జోలికి రాకు, దీన్ని కాదనకు. నేను సాయంత్రం దాకా వేస్తాను, నాకేం పని లేదు." పది.

పదకొండోసారి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడింది. నాన్న ఒప్పుకున్నాడో, విసుగెత్తి ఊరుకున్నాడో తెలియదు. అన్న లేవలేదు. చెక్కల మీద చెయ్యి పెట్టి అలాగే ఏడ్చాడు. నాన్న పోయినప్పుడు కూడా వాడు ఏడవడం నేను చూడలేదు. అమ్మ నన్ను ముందుకి తోసింది.

ఎల్లుండి ఆపరేషన్. రేపు నన్ను చేర్చేది లెంగ్ అన్నే, తోడు ఉండేది షువా వదిన. భయం పోలేదు, రాయడానికి సిగ్గెందుకు, చాలా భయంగానే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చాక అన్న నన్ను నడి స్తంభం దగ్గరికి తీసుకెళ్ళాడు. పక్కన నేల మీద కాలితో ఒక గీత గీశాడు. "అప్పుడు పడుకోబెట్టేది ఇక్కడ. తల ఇటు. అమ్మకి అటుపక్క. చూసుకున్నావా?" అన్నాడు.

చూసుకున్నానన్నాను.

"ఇప్పుడిప్పుడే అవసరం లేదు. అన్నం తిను" అన్నాడు.

తిన్నాను.